చల్లారాకే మూత తీయాలి

వేసవిలో భద్రాచలం దారుల్లో బానెట్ ఎత్తి ఆగిపోయిన కార్లు తరచూ కనిపిస్తాయి. లోపలి నుంచి ఆవిరి లేస్తూ ఉంటుంది. పక్కన ఎవరో ఒకరు నీళ్ల బాటిల్ పట్టుకుని నిలబడి ఉంటారు. ఆ మనిషి తర్వాతి రెండు నిమిషాల్లో ఏం చేస్తాడన్నదే అసలు సంగతి. చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పితే మొహం, చేతులు కాలిపోవచ్చు. ఎలాగో మూత తీసి చల్లటి నీళ్లు గుమ్మరిస్తే ఇంజన్ హెడ్ పగలొచ్చు. ఏ పనీ చేయకుండా నీడలో గంటసేపు కూర్చుంటే మనిషి క్షేమంగా ఉంటాడు, ఇంజన్ కూడా చాలావరకు దక్కుతుంది. ఇంజన్‌ను చల్లబరిచే ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ఆ గంట ఎందుకు ఆగాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడి ఎండ, ఇక్కడి దారి

తెలుగు నేల మీద ఎండ తీవ్రంగా కాసే ప్రాంతాల్లో ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం పట్టీ ఒకటి. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులుంటాయి. చైత్రంలో శ్రీరామనవమి కల్యాణానికి జనం కార్లలో, జీపుల్లో, బస్సుల్లో తరలివస్తారు. సెలవుల్లో పర్ణశాలకూ, పాపికొండలకూ వెళ్లేవాళ్లు తోడవుతారు. విజయవాడ వైపు నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరి, అక్కడి నుంచి జగదల్‌పూర్ వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద లారీల వెనకాల నెమ్మదిగా పోవాల్సి వస్తుంది. చింతూరు దాటి మారేడుమిల్లి వైపు తిరిగితే ఘాట్ రోడ్డు. చుట్టూ అడవి. మెకానిక్ దొరకడు, కొన్ని చోట్ల ఫోన్ సిగ్నల్ కూడా అందదు.

ఇంజన్‌కు ఇవన్నీ ఒకేసారి భారమవుతాయి. రేడియేటర్ తనలోని వేడిని గాలికి అప్పజెపుతుంది. ఎంత వేడి పోతుందన్నది రెంటి ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. లోపలి ద్రవం 95 డిగ్రీలు, బయటి గాలి 30 డిగ్రీలు అయితే తేడా 65. గాలి 45 డిగ్రీలకు చేరితే తేడా 50కి పడిపోతుంది. రేడియేటర్ మారలేదు, ఫ్యాన్ మారలేదు, బండి వేగమూ మారలేదు. అయినా బయటికి పోయే వేడి దాదాపు పావు వంతు తగ్గిపోయింది. పైగా ఏసీ వేస్తే దాని కండెన్సర్ సాధారణంగా రేడియేటర్ ముందే ఉంటుంది కాబట్టి, రేడియేటర్‌కు తగిలే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. ఘాట్‌లో చిన్న గేరులో ఇంజన్ గట్టిగా పనిచేస్తుంది, బండి మాత్రం మెల్లగా పోతుంది. అంటే పుట్టే వేడి ఎక్కువ, తగిలే గాలి తక్కువ. మామూలు రోజుల్లో బయటపడని చిన్న లోపం అలాంటి చోటే బయటపడుతుంది.

పెట్రోలులో మూడో వంతు వేడి

పెట్రోలు ఇంజన్‌లో ఇంధనం ఇచ్చే శక్తిలో చక్రాలను తిప్పడానికి పనికొచ్చేది సుమారు మూడో వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువే. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా పొగతో పోతుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం సిలిండర్ గోడల్లోకి, అక్కడి నుంచి కూలెంట్‌లోకి చేరుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలినప్పుడు కూలెంట్‌లోకి వచ్చే వేడితో 30 డిగ్రీల దగ్గరున్న 30 లీటర్ల నీళ్లను మరిగేదాకా తీసుకుపోవచ్చు. చిన్న కారులో తిరిగే కూలెంట్ మాత్రం నాలుగైదు లీటర్లే. ఆ కొద్ది ద్రవమే ఆగకుండా తిరుగుతూ వేడిని మోసుకెళ్లి బయట పారేస్తూ ఉండాలి. తిరగడం ఆగిందంటే కొన్ని నిమిషాల్లోనే ఇంజన్ ప్రమాదంలో పడుతుంది.

ఆ తిరుగుడు ఇలా సాగుతుంది. వాటర్ పంపు ద్రవాన్ని సిలిండర్ల చుట్టూ, వాటి పైనున్న హెడ్ లోపల ఉన్న సందుల్లోకి నెడుతుంది. వేడెక్కిన ద్రవం థర్మోస్టాట్ వాల్వు దగ్గరికి వస్తుంది. ఆ వాల్వులో ఒక రకం మైనం ఉంటుంది. సుమారు 82 నుంచి 88 డిగ్రీల మధ్య ఆ మైనం కరిగి, వ్యాకోచించి వాల్వును తెరుస్తుంది. అప్పుడు ద్రవం పై హోసు పైపు గుండా రేడియేటర్‌లోకి పోయి, సన్నటి గొట్టాల్లో పారి, రేకుల మధ్య వీచే గాలికి వేడినిచ్చి, కింది పైపు గుండా తిరిగి ఇంజన్‌కు చేరుతుంది. బండి నిలిచి ఉన్నప్పుడు గాలి ఆడించే పని ఫ్యాన్‌ది.

వేడి ప్రాంతమని చెప్పి కొన్నిచోట్ల థర్మోస్టాట్‌ను పీకేస్తుంటారు. అది మంచి పని కాదు. ఇంజన్ సరైన వేడికి రావడానికి ఆలస్యమవుతుంది. ఆలోగా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ లేకపోతే ద్రవంలో కొంత రేడియేటర్‌లోకి పోకుండా దగ్గరి దారిలోనే తిరిగి వచ్చేస్తుంది. అప్పుడు ఎండలో బండి ఇంకా వేడెక్కుతుంది. పాడైతే కొత్తది వేయించాలి గాని తీసేయకూడదు.

నీళ్లు తరిగే ఏర్పాటు, తరగకూడని ఏర్పాటు

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త కార్ల్ బెంజ్ చేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించింది. మోటారు బండి చరిత్రలో మొదటి దూర ప్రయాణంగా దాన్ని చెప్పుకుంటారు. ఆ బండి నీళ్లను ఆవిరి చేసి ఇంజన్‌ను చల్లబరిచేది. అందుకే దారి పొడుగునా నీళ్లు పోసుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. 1901 నాటి మెర్సిడెస్ కారుకు విల్హెల్మ్ మైబాక్ తేనెపట్టు లాంటి రేడియేటర్ తయారు చేశాడు. అందులో 8 వేలకు పైగా చిన్న గొట్టాలుండేవి. గాలి తగిలే వైశాల్యం అంత పెరిగేసరికి కొద్ది నీళ్లతోనే ఇంజన్ చల్లబడడం మొదలైంది.

నీళ్లను ఆవిరి చేసి చల్లబరిచే పద్ధతిని మన ప్రాంతం దశాబ్దాల పాటు కళ్లారా చూసింది. కిన్నెరసాని జలాశయం నీళ్లతో నడిచే పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం పాత ప్లాంటుకు ఎత్తైన కూలింగ్ టవర్లు ఉండేవి. ఆ ఎనిమిది టవర్లను 2024 ఆగస్టులో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. అలాంటి టవర్లలో కొంత నీరు ఆవిరై పోతూ మిగతా నీటిని చల్లబరుస్తుంది. అందువల్ల ఎప్పటికప్పుడు కొత్త నీళ్లు కలుపుతూనే ఉండాలి.

ఇప్పటి కారు అలాంటిది కాదు. దాని కూలింగ్ వ్యవస్థ మూసి ఉన్న వలయం. వేడి బయటికి పోతుంది, ద్రవం పోదు. అందుకే వారానికోసారి నీళ్లు పోయాల్సి వస్తోందంటే అది ఆ బండి అలవాటు అనుకుని సరిపెట్టుకోవద్దు. ఎక్కడో కారుతోందని అర్థం. హోసు పైపు పగిలి ఉండవచ్చు, వాటర్ పంపు సీలు పోయి ఉండవచ్చు, మూత రబ్బరు ఎండిపోయి ఉండవచ్చు. బయట ఎక్కడా తడి కనిపించకుండా తరిగిపోతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే హెడ్ కింద ఉండే సీలును, అనుమానించాలి. ఆయిల్ పాల మీగడ రంగులోకి మారడం, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి ఆవిరి ఆగకుండా రావడం దానికి గుర్తులు.

మూత కింద ఉన్న ఒత్తిడి

మామూలు వాతావరణ పీడనం దగ్గర నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. పీడనం పెంచితే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. 1679లో ఫ్రెంచి శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ ఈ సూత్రంతోనే ఆవిరి పాత్ర తయారు చేశాడు. అదే మన ఇళ్లలోని ప్రెషర్ కుక్కర్‌కు మూలం. కారు రేడియేటర్ మూత కూడా ఇదే పని చేస్తుంది. దాని స్ప్రింగు లోపలి ఒత్తిడిని బయటి కంటే సుమారు ఒక వాతావరణ పీడనం మేర ఎక్కువగా నిలుపుతుంది. అప్పుడు నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. కుక్కర్ ఒత్తిడి దిగకుండా మూత తీయకూడదని వంటింట్లో అందరికీ తెలుసు. రేడియేటర్‌కూ అదే నియమం, కాకపోతే ఇక్కడ వేడిని చెప్పడానికి విజిల్ లేదు.

120 డిగ్రీల నీటి మీద మూత ఒక్కసారిగా తీస్తే ఏమవుతుందో లెక్క కడదాం. ఒత్తిడి పడిపోగానే నీళ్లు 100 డిగ్రీలకు దిగాలి. ఆ 20 డిగ్రీల అదనపు వేడి అక్కడికక్కడే నీటిలో కొంత భాగాన్ని ఆవిరి చేస్తుంది. ప్రతి లీటరులో దాదాపు 37 గ్రాములు ఆవిరవుతుంది. విన్నప్పుడు చిన్నదే అనిపిస్తుంది. కాని ఆ 37 గ్రాముల ఆవిరి 60 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆవిరి పట్టే అంత చోటు లోపల లేదు కాబట్టి, అది పైనున్న మరిగే నీళ్లను తోసుకుంటూ చిన్న మూతి గుండా పైకి చిమ్ముతుంది. ఆ మూతి మీదికే మనిషి మొహం వంచి చూస్తుంటాడు. 70 డిగ్రీల నీళ్లు తగిలితే చర్మం లోతుగా కాలడానికి ఒక్క సెకను చాలు. ఇక్కడ వచ్చేది అంతకన్నా వేడి నీళ్లు, వాటితో పాటు ఆవిరి. గుడ్డ చుట్టుకున్నంత మాత్రాన ఆగదు. తడిసిన గుడ్డ చేతికి అంటుకుని ఇంకా ఎక్కువ కాలుస్తుంది.

కొత్త కార్లలో చాలావాటికి రేడియేటర్ మీద మూతే ఉండదు. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాకే ఒత్తిడి తట్టుకునే మూత ఉంటుంది. అది ప్లాస్టిక్ డబ్బానే కదా అని వేడిగా ఉన్నప్పుడు తిప్పడం కూడా అంతే ప్రమాదం.

మంచు పడని ఊళ్లో కూలెంట్ ఎందుకు?

చలి దేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా ఇథిలీన్ గ్లైకాల్ కలుపుతారు. భద్రాచలంలో గోదావరి గడ్డకట్టదు కదా, మనకెందుకు అని చాలామంది అడుగుతారు. మనకు ఇది రెండు పనులకు అవసరం. మొదటిది, గ్లైకాల్ సగం, నీళ్లు సగం కలిపిన ద్రవం ఒత్తిడి లేకుండానే 100 డిగ్రీలు దాటాక, సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగించిన వ్యవస్థలో అది ఇంకా పైకి పోతుంది. రెండోది, ఇంకా ముఖ్యమైనది, కూలెంట్‌లో తుప్పు పట్టకుండా ఆపే మందులు కలిపి ఉంటాయి. ఇంజన్‌లో అల్యూమినియం, ఇనుము, రబ్బరు అన్నీ ఒకే ద్రవాన్ని తాకుతూ ఉంటాయి. ఉత్త నీళ్లు పోస్తే లోహం తుప్పు పడుతుంది. ఆ తుప్పు సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది.

బోరు నీళ్లతో ఇంకో చిక్కు ఉంది. వాటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి గొట్టాల లోపల తెల్లటి గట్టి పొరగా అంటుకుంటాయి. అల్యూమినియం వేడిని మోసినంత బాగా ఆ పొర మోయలేదు. రెంటి మధ్య తేడా సుమారు వంద రెట్లు. అంటే పలుచటి పొర పట్టినా రేడియేటర్ తన పని పూర్తిగా చేయలేదు. అందుకే కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడాలి. బ్యాటరీ షాపుల్లో అది దొరుకుతుంది. అడిగేటప్పుడు బ్యాటరీ యాసిడ్ కాదని, డిస్టిల్డ్ వాటర్ అని గట్టిగా చెప్పి, సీసా మీది అక్షరాలు చదివి తెచ్చుకోండి.

కూలెంట్ ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు అనుకోవడమూ పొరపాటే. వేడిని మోసే శక్తి నీళ్లకే ఎక్కువ. ఉత్త గ్లైకాల్‌కు నీటిలో సగం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే ఉంటుంది. కాబట్టి కారు పుస్తకంలో చెప్పిన పాళ్లలోనే కలపాలి. కలిపి అమ్మే కూలెంట్ అయితే నీళ్లు కలపకుండా అలాగే పోయాలి. రంగు చూసి కొనడం నమ్మదగిన పద్ధతి కాదు. పచ్చ, ఎరుపు, నీలం అన్న రంగులకు కంపెనీలన్నింటికీ ఒకే అర్థం లేదు. సరిపడని రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు ద్రవం చిక్కబడి జిగురుగా మారి గొట్టాలకు అడ్డుపడుతుంది.

తెల్లవారుజామున చూసుకునే పద్ధతి

కూలెంట్ చూసుకోవడానికి మంచి సమయం ఉదయం, బండి స్టార్ట్ చేయకముందు. రాత్రంతా చల్లారిన ఇంజన్‌లో ఒత్తిడి ఉండదు, మట్టమూ నిజం చెబుతుంది. బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం చెవి తీసి దగ్గర పెట్టుకోండి. కొన్ని కార్లలో ఇంజన్ ఆపేసినా ఎలక్ట్రిక్ ఫ్యాన్ దానంతటదే తిరగడం మొదలవుతుంది. వేడి బండిలో ఫ్యాన్ దగ్గర చేయి, చీర కొంగు, చున్నీ, మెడలో కండువా ఉండకూడదు.

ప్లాస్టిక్ డబ్బా మీద రెండు గీతలుంటాయి, మినిమమ్, మాక్సిమమ్. ద్రవం ఆ రెంటి మధ్య ఉంటే మూత తీయాల్సిన పనే లేదు. తక్కువగా ఉంటేనే మూత ముట్టుకోవాలి. చల్లారిన ఇంజన్ మీద కూడా మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకు పెట్టి, మెల్లగా కొంచెం తిప్పి ఆగండి. బుస్సుమని శబ్దం వస్తే మళ్లీ బిగించి ఇంకాసేపు ఆగాలి. శబ్దం లేకపోతే పూర్తిగా తీయవచ్చు. పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్‌నే మాక్సిమమ్ గీత దాటకుండా పోయండి. వేడెక్కితే ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి పైన ఖాళీ ఉండాలి.

రేడియేటర్ పూర్తిగా ఖాళీ చేసి నింపే పని మెకానిక్‌కు వదిలేయడం మేలు. లోపల గాలి బుడగ మిగిలితే ఆ చోట ద్రవం ఉండదు, హెడ్‌లో అక్కడ వేడి పెరిగిపోతుంది. గాలి తీసే పద్ధతి ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటుంది. ఆ పని చేయించాక రెండు మూడు రోజులు వరసగా ఉదయాన్నే మట్టం చూసుకోండి. లోపలి గాలి బయటికి వచ్చాక మట్టం కొద్దిగా దిగడం మామూలే. తర్వాత కూడా దిగుతూనే ఉంటే కారుతున్నట్టే.

దారిలో వేడెక్కితే

హీట్ మీటరు ముల్లు ఎర్రగీత వైపు పోయినా, ఎర్ర దీపం వెలిగినా వెంటనే ఏసీ ఆపండి. హీటర్ ఉంటే పూర్తిగా వేసి అద్దాలు దించండి. హీటర్ కూడా ఇంజన్ వేడితోనే పనిచేస్తుంది కాబట్టి అది కొంత వేడిని బయటికి లాగుతుంది. సురక్షితమైన చోటు దొరకగానే పక్కకు ఆపి ఇంజన్ ఆర్పేయండి. ఇంకో అయిదు కిలోమీటర్లే కదా, పాల్వంచ వస్తుంది, సారపాక వస్తుంది అనుకుని నడపకండి. ద్రవం మొత్తం కారిపోతే మీటరు సెన్సరుకు ఒక్కోసారి వేడి సరిగా తెలియదు. ముల్లు కిందికి దిగి, అంతా బాగుందని మోసం చేస్తుంది.

ఆవిరి వస్తుంటే బానెట్ వెంటనే ఎత్తవద్దు. ఆవిరి ఆగాక ఎత్తి, దూరంగా నిలబడి చూడండి. పిల్లలను దగ్గరికి రానీయవద్దు. కనీసం గంట ఆగాలి. ఎండ తీవ్రంగా ఉంటే ఇంకా ఎక్కువసేపు పట్టవచ్చు. పై హోసు దగ్గరికి అరచేతి వెనక వైపు చేర్చి వేడి తగలడం లేదనిపించాకే పైపును ముట్టుకోవాలి. నొక్కితే మెత్తగా ఉండాలి. గట్టిగా ఉబ్బి ఉందంటే లోపల ఒత్తిడి ఇంకా ఉన్నట్టు.

వేడి ఇంజన్‌లో చల్లటి నీళ్లు ఎందుకు పోయకూడదంటే, లోహం వేడికి సాగుతుంది. 40 సెంటీమీటర్ల అల్యూమినియం హెడ్ 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.7 మిల్లీమీటరు పొడుగవుతుంది. దాని కింది చదునులో మిల్లీమీటరులో పదో వంతు వంకర వచ్చినా గ్యాస్కెట్ సరిగా కూర్చోదు. ఒకవైపు చల్లటి నీళ్లు పడి హఠాత్తుగా కుంచించుకుంటే, మరోవైపు వేడిగానే ఉంటే హెడ్ వంగుతుంది, లేదా పగులుతుంది. పూర్తిగా చల్లారాక, కూలెంట్ లేని చోట శుభ్రమైన తాగునీళ్లు పోసుకుని దగ్గరి మెకానిక్ దాకా మెల్లగా వెళ్లవచ్చు. అది ఆపద్ధర్మం మాత్రమే. తర్వాత ఆ నీళ్లు తీయించి సరైన కూలెంట్ పోయించాలి. పోసిన నీళ్లు పోసినట్టే కిందికి కారిపోతుంటే, లేదా ముల్లు మళ్లీ వెంటనే లేస్తే బండిని ట్రాలీ మీద ఎక్కించడమే దారి.

కాలితే, ఒలికితే

ఆవిరి గాని వేడి కూలెంట్ గాని మీద పడితే వెంటనే తడిసిన బట్టలు, ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయాలి. చర్మానికి అంటుకున్న బట్టను లాగకూడదు. కాలిన చోట చల్లటి పారే నీళ్లను 20 నిమిషాల పాటు పోస్తూ ఉండాలి. ఐసు ముక్కలు, టూత్‌పేస్టు, పసుపు, ఇంకు, నూనె పూయకూడదు. కళ్లలో పడితే ఆపకుండా నీళ్లతో కడుగుతూ 108కి ఫోన్ చేయాలి. మొహం, చేతులు కాలితే చిన్నగా కనిపించినా డాక్టరుకు చూపించాలి.

ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది, కాని విషం. ఒంట్లోకి పోయాక కాలేయంలో మారి ఆక్సాలిక్ ఆమ్లం తయారవుతుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కుక్కలు ఆ తీపికి నాకుతాయి, అడవి అంచు పల్లెల్లో విడిచి మేసే పశువులూ తాగే ప్రమాదముంది. పాత కూలెంట్‌ను రోడ్డు పక్క, వాగులో, కిన్నెరసానిలో, గోదావరిలో పారబోయవద్దు. మూత ఉన్న డబ్బాలో పట్టి సర్వీసు సెంటరుకు ఇవ్వండి. మిగిలిన కూలెంట్‌ను తాగునీళ్ల బాటిళ్లలో ఎప్పుడూ పోసి ఉంచవద్దు. దాహమేసిన పిల్లవాడు దాన్ని సర్బత్ అనుకుని తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా తాగారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. త్వరగా వెళితే విరుగుడు మందు పనిచేస్తుంది.

ఈ వేసవిలో భద్రాచలం గాని, పర్ణశాల గాని, మారేడుమిల్లి గాని బయలుదేరే ముందు రోజు ఉదయం అయిదు నిమిషాలు కేటాయించండి. కూలెంట్ మట్టం, హోసు పైపులు, బండి కింద తడి, ఫ్యాన్ తిరగడం, ఈ నాలుగూ చూసుకోండి. డిక్కీలో కారుకు సరిపడే కూలెంట్ ఒక డబ్బా, తాగడానికి వేరుగా నీళ్లు పెట్టుకోండి. దారిలో ఆవిరి కక్కుతున్న బండి దగ్గర ఎవరైనా మూత తిప్పబోతుంటే ఆగి, వద్దని చెప్పండి. మీరు ఆపిన ఆ ఒక్క చేయి ఒకరి కళ్లను కాపాడవచ్చు.